జగన్నాథుడి బొమ్మకు 14 కౌంటా, 18 కౌంటా?

పర్లాకిమిడిలో మా వీధిలో క్రాస్ స్టిచ్, అంటే గళ్ళ గుడ్డ మీద ఇంటూ గుర్తు కుట్లతో బొమ్మలు, కుట్టేవాళ్ళం నలుగురం. ఈసారి నేను జగన్నాథుడి ముఖం ఎత్తుకున్నాను. అడ్డం 200 గళ్ళు, నిలువు 280, అంటే 56 వేల కుట్లు. రోజుకు 150 వేసినా ఏడాది దాటుతుంది. అందుకే గుడ్డ కొనేటప్పుడే తేల్చుకోవాలి.

ఈ కుట్టుకు వాడే గళ్ళ గుడ్డే ఐడా. 14 కౌంట్ ఐడా అంటే అంగుళానికి 14 కుట్లు. బొమ్మ దాదాపు 14 అంగుళాల వెడల్పు, 20 ఎత్తు వస్తుంది. కళ్ళజోడు ఉంటే చాలు, రంధ్రాలు తేలిగ్గా దొరుకుతాయి.

18లో అదే బొమ్మ 11 అంగుళాలు, పదిహేనున్నర. ఫ్రేము ఖర్చూ, దారమూ తగ్గుతాయి. కానీ అసలు లాభం స్వామి కళ్ళ దగ్గర. ఒడియావాళ్ళు ఆయన్ని చకాడోలా, అంటే చక్రాల్లాంటి గుండ్రటి కళ్ళవాడు, అని ఊరికే అనరు! క్రాస్ స్టిచ్‌లో గుండ్రం అంటే నిజానికి మెట్లే. 14లో ఆ మెట్లు దగ్గర్నుంచి కనిపిస్తాయి, 18లో అంచు నున్నగా తిరుగుతుంది.

చిక్కల్లా నల్ల రంగుతో. 18 మీద ఒంటి పోగుతో కుడితే నలుపులోంచి తెల్లగుడ్డ చుక్కలు చుక్కలుగా తొంగి చూస్తుంది. రెండు పోగులు వేస్తే సూది బిగుసుకుంటుంది, దారం ఆదా మాటా పోతుంది.

నేను ముందు 18 మీదే మొదలుపెట్టాను. కుడికన్ను ఒక గడి పక్కకు జరిగిందని మూడు వారాలకు గానీ తెలియలేదు. విప్పేసరికి గుడ్డ నూగు లేచింది. ఇప్పుడు 14 మీద, పదేసి గళ్ళకు ఉతికితే పోయే పెన్నుతో గీతలు గీసుకుని కుడుతున్నాను. ఎలాగూ టీవీ పైన తగిలించేదే, అంత దూరానికి మెట్లెవరికి కనిపిస్తాయి?