రొమేనియన్ ఆరాధన పాటల్లో ఆ రెండో గొంతు

ఉద్యోగరీత్యా రొమేనియాలోని క్లూజ్ నగరానికి వచ్చినప్పటి నుంచి నా చెవుల్లో ఈ క్రైస్తవ ఆరాధన పాటలే. ఒక గిటారు, రెండు మూడు గొంతులు, అరుదుగా వయొలిన్. యూట్యూబులో ఇలాంటివి కొల్లలు కాబట్టి పరిచయం అక్కర్లేదు. నన్ను కట్టిపడేసింది మాత్రం రెండో గొంతు. ఒకరు పల్లవి ఎత్తుకోగానే మరొకరు కింది స్వరంలో వచ్చి చేరతారు. ఒక్క మాట కూడా తొక్కరు. ఊపిరి తీసుకునే చోటు కూడా ఇద్దరిదీ ఒకటే.

ఈ పొందిక ఎక్కడిదో ఇక్కడి బాప్టిస్టు సంఘంలో ఒక సాయంత్రపు కూడికలో తెలిసింది. పాట సగంలో గిటారు తీగ తెగింది. వాయిస్తున్న అబ్బాయి వేలాడే తీగను వేళ్లతో పట్టుకుని నిలబడిపోయాడు. పాట ఆగలేదు. వెనుక బెంచీల్లోని పెద్దలు మంద్రస్థాయి అందుకున్నారు, స్త్రీలలో కొందరు ఆల్టోలోకి, అంటే ఆడగొంతుల్లో కింది స్వరంలోకి దిగారు. ఎవరి చేతిలోనూ స్వరలిపి లేదు. అయినా ఆఖరి చరణం దాకా శ్రుతి జారలేదు. అది ట్రాయాన్ దోర్జ్ రాయగా నికొలాయ్ మొల్దొవాను బాణీ కట్టిన పాట. 1923లో రొమేనియాలోనే సిబియు నగరంలో యోసిఫ్ త్రిఫా అనే ఆర్థడాక్స్ ఫాదరీ మొదలుపెట్టిన ‘ప్రభువు సైన్యం’ ఉద్యమంలో పెరిగినవారు వీరిద్దరూ. కమ్యూనిస్టు ప్రభుత్వం ఆ ఉద్యమాన్ని నిషేధించి, వీరిని జైల్లో పెట్టింది. పాటలు మాత్రం జనం నోట నిలిచాయి. వాటిని కంఠతా పట్టిన ఇళ్లలో పెరిగినవారికి రెండో గొంతు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు.

అయితే ఈ మెప్పంతా పాత పాటలను గిటారుతో పాడినవాటికే. కొత్తవాటిలో ఆంగ్ల గీతాల అనువాదాలు చాలా ఎక్కువ. ఆంగ్లంలో ఒక అక్షరం పలికే చోట రొమేనియన్‌లో మూడు ఇరికించాల్సి వచ్చి, ఊనిక తప్పుచోట పడుతుంది. పైగా గిటారు పాటలని పేరు పెట్టి, అడుగున కీబోర్డు హోరు ఆపకుండా పరుస్తున్నారు. దాంతో ముందుగా మునిగిపోయేది రెండో గొంతే. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

నాకు భాష కొంత వచ్చు, ప్రతివారం వీరితో కలిసి పాడతాను. ఇష్టంలో ఆ చనువు పాలెంతో విడదీసి చెప్పలేను. గుంటూరులో మా అమ్మకు బాణీలు నచ్చాయి గానీ, స్తుతి పాటలు ఇంత దిగులుగా ఎందుకున్నాయని అడిగింది. పాశ్చాత్య సంగీతంలో కాస్త విషాదంగా వినిపించే మైనర్ శ్రుతిలోనివి ఎక్కువ మరి. డోలక్, తబలా జోరుతో పాడుకునే అలవాటున్నవారికి మొదట చప్పగా అనిపించవచ్చు. వినాలనుకుంటే మొల్దొవాను బాణీలతో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదలుపెట్టండి. ఫోను స్పీకరులో ఆ కింది స్వరం వినపడదు.