రేడాన్ కొలతకు మీటరా, ఫిల్మా?

నేలలోంచి ఇళ్లలోకి చేరి ఊపిరితిత్తులకు చేటు చేసే రేడియోధార్మిక వాయువు రేడాన్. గార, సంతబొమ్మాళి మండలాల నుంచి, భోగాపురం వైపు నుంచి ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది: ఆన్‌లైన్‌లో దొరికే డిజిటల్ రేడాన్ మీటరు కొనుక్కోవాలా, లేక రేడాన్ జాడలు పడే ఫిల్ముతో ప్రయోగశాల ఇచ్చే డబ్బాను మూడు నెలలు వేలాడదీయాలా?

మీటరులో అంకె వెంటనే కనిపిస్తుంది. తలుపులు మూసి పడుకున్న రాత్రి పెరిగి, తెల్లవారాక కిటికీలు తెరవగానే ఎలా దిగుతుందో చూడవచ్చు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు, ఘనపు మీటరు గాలికి 100 బెకరెళ్లు (రేడియోధార్మికతకు కొలమానం), ఏడాది సగటుకు వర్తిస్తుంది. వేకువజామున వచ్చిన ఒక్క అంకెను చూసి బెంబేలెత్తడం అనవసరం. వారాల తరబడి వదిలేసి సగటు చూసుకునే ఓపిక ఉంటే మీటరుతో నాకు పేచీ లేదు.

నా పేచీ థోరాన్ దగ్గర. భీమిలి నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా మన తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది. అందులోని థోరియం అనే రేడియోధార్మిక మూలకం నుంచి వచ్చే, రేడాన్ లాంటి మరో వాయువే థోరాన్. రేడాన్ అర్ధాయువు, అంటే అందులో సగం క్షీణించడానికి పట్టే కాలం, 3.8 రోజులు కాగా, దీనిది 56 సెకన్లే. గోడలోంచో నేలలోంచో వెలువడ్డాక ఎంతో దూరం పోకుండానే క్షీణిస్తుంది. అందుకే గోడ పక్కన ఒక అంకె, గది నడుమ ఇంకో అంకె వస్తాయి. చవక మీటర్లలో చాలావరకు ఈ రెండు వాయువులను వేర్వేరుగా చూపవు.

భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన సూదిరంధ్రాల డబ్బాలో రెండు అరలుంటాయి. గాలి మొదటి అరలోకి వచ్చి, సన్నని రంధ్రాల గుండా నెమ్మదిగా రెండో దానిలోకి చేరేలోపు థోరాన్ దాదాపు అంతా క్షీణిస్తుంది, రేడాన్ మిగులుతుంది. రెండు అరల్లోని ఫిల్ములనూ కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచి, ఈ వాయువులు క్షీణిస్తూ వెలువరించిన ఆల్ఫా కణాల జాడలు లెక్కపెడితే రెండింటి లెక్కా విడివిడిగా తేలుతుంది. తీరప్రాంతపు ఇంటికి నా ఓటు దీనికే. ఒక చిన్న షరతు: థోరాన్ నుంచి పుట్టే సీసం-212 అనే రేడియోధార్మిక సీసం అర్ధాయువు 10.6 గంటలు, అది గదంతా తిరుగుతుంది. ఊపిరితిత్తులకు చేటు ప్రధానంగా వాయువు క్షీణించగా పుట్టే ఇలాంటి సంతతి కణాల వల్లే. కాబట్టి వాటిని పట్టే ఫిల్మును కూడా పక్కనే వేలాడదీయమని ప్రయోగశాలవారిని అడగండి. పరీక్షకు ఏ వేసవో కాక, తలుపులు మూసుకునే చలికాలం కూడా కలిసేలా చూసుకోండి.

ఇక మిగతా పద్ధతులు. రేడాన్‌ను పీల్చుకునే బొగ్గు డబ్బా రెండు మూడు రోజుల పరీక్ష, పైగా మన సముద్రపు తేమ దానికి పడదు. విద్యుదావేశం నింపిన బిళ్లతో కొలిచే ఎలక్ట్రెట్ పరికరం, రేడాన్‌తో సంబంధం లేని గామా కిరణాలకూ స్పందిస్తుంది. మోనజైట్ ఇసుక మీద గామా ఎటూ ఎక్కువే కనుక ఆ మేరకు సవరణ చేయక తప్పదు.

గనులు, సొరంగాల సంగతి వేరు. గాలి పంపే ఫ్యాను ఆగితే గంటల్లోనే రేడాన్ పేరుకుంటుంది. మూడు నెలల తర్వాత వచ్చే ఫలితం ఆ పూట పనిచేసినవాడికి ఏం ఉపయోగం? అక్కడ పంపుతో వడపోత కాగితం గుండా గాలి లాగి, ఆల్ఫా కణాలను అప్పటికప్పుడు లెక్కించే పద్ధతో, నిరంతరం నడిచే మీటరో కావాలి. ఒక్కొక్కరి ఏడాది లెక్కకు ఒంటిమీద ధరించే ఫిల్ము కూడా అదనంగా ఉండాలి. ఇక్కడి నుంచి సొరంగం పనులకు వలస వెళ్లేవారు ఈ రెండూ ఉన్నాయో లేదో మేస్త్రీని అడిగి తెలుసుకోవాలి.

మీటరు ఇప్పటికే కొన్నవారు దాన్ని గోడకు మూరెడు దూరంలో, మనిషి పడుకునే ఎత్తులో ఉంచండి.