హన్మకొండల ఎన్నారై టాక్స్ ఆఫీస్: పని మంచిగుంది, ఫోన్ మాత్రం ఎత్తరు

నాలుగు స్టార్లు ఇస్తున్న, ఐదోది ఎందుకు కట్ చేసిన్నో కింద చెప్త. బయటి దేశం పోయినోళ్ల టాక్స్ అనంగనే మన దగ్గర సగం మంది చేసేది ఒక్కటే, పాన్ నంబర్ అడిగి, ఆదాయమే లేదని నిల్ రిటర్న్ కొట్టి ఫీజు తీస్కొని పంపిచ్చుడు. వీళ్లు గట్ల చెయ్యలే, అందుకే టైం పెట్టి రాస్తున్న.

మా చెల్లె నర్సు. ఇక్కడ ప్రైవేట్ హాస్పిటల్ల చేస్తనే జర్మన్ భాషల బీ2 పరీక్ష పాసై 2023 నవంబర్ల జర్మనీ పోయింది. అక్కడి జీతం స్లిప్ వాట్సాప్ల పంపితే బాపు చూసి ఒకటే లొల్లి, గింత టాక్స్ పడితే ఇంకేం మిగుల్తది, ఇక్కడ్నే ఉంటే అయిపోవు గదా అని. ఆ స్లిప్ ప్రింట్ తీస్కొని ఈ ఆఫీస్‌కు పోయినం.

సార్ మొదలు పెన్నుతోని స్లిప్ మీద అడ్డంగ ఒక గీత కొట్టిండు. పైన ఉన్నది ఇన్‌కమ్ టాక్స్, కింద ఉన్నది టాక్స్ కాదు ఇన్సూరెన్స్ అన్నడు. 2024 లెక్కల పెన్షన్‌కు 9.3 శాతం, నిరుద్యోగ బీమాకు 1.3, హెల్త్‌కు 7.3 దాని మీద ఇంకొంచెం, ముసలితనంల చూసుకునే బీమాకు 1.7, పిల్లలు లేనోళ్లకైతే దానికి ఇంకో 0.6 ఎక్కువ. అన్నీ కలిపితే అప్పుడు జీతంల దగ్గరదగ్గర 21 శాతం గిట్లనే పోయేది, ఓనర్ కూడ తన వంతు వేరేగ కడ్తడట. మేం టాక్స్ టాక్స్ అని మొత్తుకున్నదాంట్ల ఎక్కువ భాగం ఇదే! పెండ్లి కాలే కాబట్టి అక్కడ టాక్స్ క్లాస్ 1 పడ్తది, అది మార్చుకునేది కాదు అన్నడు. ఇంకోటి, అక్కడ దిగంగనే అడ్రస్ రిజిస్టర్ చేయించుకునేటప్పుడు మతం అడుగుతరు, కేథలిక్ అని రాస్తే టాక్స్ మీద 8 నుంచి 9 శాతం చర్చి టాక్స్ కూడ పడ్తది. చెల్లె రూమ్మేట్ది కరీంనగర్, ఆ పిల్లకు అట్లనే పడుతుందట, ఎందుకో ఇన్నాళ్లు తెల్వనే లేదు.

అసలు విషయం రోజుల లెక్క. ఏప్రిల్ నుంచి మార్చి దాక ఇక్కడ 182 రోజులు ఉంటే ఆ ఏడాదికి ఇక్కడి రెసిడెంటే. అంటే ఉద్యోగానికి పోయేటోళ్లు సెప్టెంబర్ ఆఖరుకు రెండు మూడు రోజుల ముందన్న ఫ్లైట్ ఎక్కితే ఎన్నారై, చెల్లె లెక్క నవంబర్ల పోతే మార్చి దాక అక్కడ వచ్చిన జీతం కూడ ఇక్కడి రిటర్న్‌ల చూపియ్యాలె. అక్కడ కట్టిన టాక్స్‌కు ఫారం 67 పెట్టి ఇక్కడి టాక్స్‌ల క్రెడిట్, అంటే తగ్గింపు, తీస్కోవచ్చు, గని ఆ ఇన్సూరెన్స్ కటింగులకు క్రెడిట్ రాదు, గీత ఎందుకు కొట్టిండో అప్పుడు సమజైంది. రిటర్న్ ఫారాలల్ల ఐటీఆర్ 1 నడ్వదు, ఐటీఆర్ 2 నే. అక్కడి బ్యాంక్ అకౌంట్ కూడ విదేశీ ఆస్తుల షెడ్యూల్‌ల రాసిండు, చిన్న అకౌంట్లకు పెనాల్టీ మినహాయింపు ఉంది గని రాసి పెట్టుడే మంచిది అన్నడు. జర్మనీ రిటర్న్ నాతోని కాదు, అక్కడ ఉద్యోగస్తుల టాక్స్ సంఘాలు ఉంటయి వాళ్లతోని చేయించుకోండి, నాలుగేండ్ల దాక టైం ఉంటది గని అక్కడ రిఫండ్ వస్తే ఇక్కడ క్రెడిట్ అంత తగ్గుతది కాబట్టి ముందు అది తేల్చుకోండి అని సాఫ్ చెప్పిండు. నాకు నచ్చింది ఇదే. రానిది వచ్చు అని చెప్పి పైసలు గుంజలే.

పెన్షన్ గురించి బాపు గుచ్చి గుచ్చి అడిగిండు, వాపస్ వస్తే ఆ కడ్తున్న పైసల సంగతేంది అని. ఇండియాకు జర్మనీకి 2017 మే నుంచి పెన్షన్ల ఒప్పందం నడుస్తుంది, అక్కడ పెన్షన్‌కు 60 నెలలు కట్టి ఉండాలె, తక్కువ పడితే ఇక్కడి పీఎఫ్ సర్వీస్ కలుస్తది, అందుకే పీఎఫ్‌ల పెన్షన్ భాగం తొందరపడి విత్‌డ్రా చెయ్యకుర్రి అన్నడు. మేం ఆ పైసలు తీసి ఫ్లైట్ టికెట్ అప్పు కట్టాలె అనుకుంటున్నం అప్పటికే. కంపెనీ ఇక్కడ్నుంచి పంపితే ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ ఆఫీస్) సర్టిఫికెట్ తీస్కొని అక్కడి పెన్షన్‌కు కట్టకుండనే కొన్నేండ్లు ఉండొచ్చు, సాఫ్ట్‌వేర్ పిల్లలది ఎక్కువ గట్లనే ఉంటదట. నేరుగ అక్కడ ఉద్యోగంల చేరిన నర్సులకు అది వర్తించదు.

పక్క కుర్చీల ఒక పెద్దమనిషి ఉండె, వాళ్ల కొడుకు అమెరికాల ఓపీటీ మీద, అంటే చదువు వీసా మీదనే కొన్నాళ్లు పని చేసుకునే పర్మిషన్ మీద చేస్తుండు, జీతంల సోషల్ సెక్యూరిటీ (అక్కడి పెన్షన్ కటింగ్) కట్ అయితుందట. ఎఫ్1 చదువు వీసా మీద పోయినోళ్లకు మొదటి ఐదు క్యాలెండర్ ఇయర్లు అది పడొద్దు, కంపెనీని వాపస్ అడగమను, ఇయ్యకపోతే ఫారం 843 పెట్టమను అని ఫ్రీగనే చెప్పిండు. హెచ్1 ఉద్యోగ వీసా వచ్చినంక మాత్రం దానికి 6.2 శాతం, మెడికేర్ అనే ముసలోళ్ల హెల్త్ బీమాకు 1.45 శాతం కట్టాల్సిందే, అమెరికాతోని మనకు గసొంటి ఒప్పందమే లేదు, పదేండ్ల సర్వీస్ కాకముందే వాపస్ వస్తే ఆ పెన్షన్ మీద ఆశ పెట్టుకోవద్దు అన్నడు. పెద్దమనిషి మొఖం చూడాలె.

బ్యాంక్ పని కూడ వాళ్లే చెప్పిన్రు. చెల్లె పాత సేవింగ్స్ అకౌంట్‌ను ఎన్‌ఆర్‌ఓ (ఎన్నారైల ఇక్కడి పైసలకు ఉండే అకౌంట్) చేయాలె, దాని వడ్డీ మీద బ్యాంకోళ్లు 31.2 శాతం పట్టుకుంటరు, బయటి సంపాదన ఏసుకునే ఎన్‌ఆర్‌ఈ అకౌంట్ల వడ్డీకి టాక్స్ లేదు. బాపుకు పంపే పైసలకు టాక్స్ లేదు, బాపు దాన్ని ఎఫ్‌డీ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం బాపు లెక్కలకే వస్తది.

ఇగ తక్కువలు. ఫీజు ముందుగల్ల చెప్పరు, ఆఖర్ల చెప్తరు, మామూలు రిటర్న్ కంటే బాగ ఎక్కువ. రసీదు అడిగితేనే ఇస్తరు. జూలై 31 దగ్గర పడితే ఫోన్ ఎత్తుడే ఉండదు, వాట్సాప్ బ్లూ టిక్ పడి ఊకుంటది. పైన సార్ ఉంటేనే పని, కింద పోరగాళ్లకు పాస్‌పోర్ట్ స్టాంపులు ఏ పేజీ కావాల్నో కూడ తెల్వదు. మెట్లు నిలువుగ ఉన్నయి, మోకాళ్ల నొప్పులోళ్లు పోకుర్రి, కాయిదాలు ఇచ్చి పిల్లల్ని పంపుర్రి. జూన్‌లనే, పొద్దుగాల పది గంటలకు పోతే కూసోబెట్టి మాట్లాడ్తడు.