ముగింపు తెలిసిన సినిమానా, తెలియనిదా? శ్యామలన్‌లో ముందు ఏది చూడాలి

మా పిన్ని కొడుకు చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్‌లో పనిచేస్తాడు, ఆదివారం వెస్ట్ మాంబళంలో మా ఇంటికి భోజనానికి వస్తాడు, తిన్నాక ఏదో ఒక సినిమా పెట్టుకోవడం మాకు అలవాటు. పోయిన వారం హాలీవుడ్ దర్శకుడు నైట్ శ్యామలన్‌ది చూద్దామనుకున్నాం. వాడు ఒక్కటీ చూడలేదు. 'సిక్స్త్ సెన్స్' పెడతానంటే, "అక్కా, దాని ట్విస్ట్ నాకెప్పుడో తెలిసిపోయింది, ఇక చూసి ఏం లాభం? 'ది విలేజ్' పెట్టు, అదైతే తెలియదు" అన్నాడు.

చాలామంది ఇలాగే అనుకుంటారు కాబట్టి నా సమాధానం వివరంగా రాస్తున్నా. రెండు సినిమాల ముగింపులూ ఇందులో ఉన్నాయి, వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

1999లో వచ్చిన 'సిక్స్త్ సెన్స్'లో బ్రూస్ విల్లిస్ పిల్లల మానసిక వైద్యుడు. అతను మొదట్లోనే చనిపోయాడని మనకు చివర్లో తెలుస్తుంది. సరే, ఇది ముందే తెలిసి కూర్చున్నారనుకోండి. పెళ్లిరోజు రాత్రి హోటల్‌కి ఆలస్యంగా వచ్చి భార్య ఎదురుగా కూర్చుని ఏదేదో చెబుతూ ఉంటాడు, ఆమె అతని వైపు చూడకుండా బిల్లు తీసుకుని లేచి వెళ్లిపోతుంది. తెలియనివాళ్లకి అది మొగుడి మీద అలిగిన భార్య. తెలిసినవాళ్లకి, పోయిన భర్తని తలుచుకుంటూ పెళ్లిరోజున ఒంటరిగా భోజనం చేసిన మనిషి. రెండోదే ఎక్కువ బాధపెడుతుంది, నిజం చెప్పాలంటే ఆ సీను మొదటిసారి నాకు పెద్దగా గుర్తు కూడా ఉండలేదు.

ఇంకా పెద్ద విషయం, ఈ సినిమాలో అన్నిటికన్నా మంచి సీనుకి ఆ ట్విస్ట్‌తో సంబంధమే లేదు. ట్రాఫిక్‌లో ఆగిపోయిన కారులో ఆ వైద్యుడు చూసే పిల్లాడు, చనిపోయినవాళ్లు కనిపించేవాడు, వాళ్లమ్మకి పోయిన అమ్మమ్మ చెప్పమన్న మాటలు చెబుతాడు. తల్లి సమాధి దగ్గర నిలబడి అడిగిన ప్రశ్నకి ఇన్నేళ్లకి కొడుకు నోటి వెంట జవాబు వస్తే ఆ అమ్మగా వేసిన టోనీ కోలెట్ ముఖం ఎలా మారుతుందో చూడండి, చాలు. ఆ చివరి రహస్యం తీసేసినా ఈ సీను చెక్కుచెదరదు.

ఇప్పుడు 2004 నాటి 'ది విలేజ్'. తీసిన పద్ధతి చూస్తే గొప్ప సినిమానే. రాత్రి అడవి జీవాలు ఊళ్లోకి వచ్చినప్పుడు చూపులేని ఐవీ తలుపు దగ్గర చెయ్యి బయటికి చాపి నిలబడే సీను, వెనక ఆ వయొలిన్, ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. కథ ప్రకారం అది పాతకాలపు పల్లె, చుట్టూ అడవి, అడవిలో ఏవో జీవాలు. చివరికి తేలేదేమిటంటే జీవాలు పెద్దవాళ్లు వేసిన వేషాలు, కాలం మన కాలమే. పట్నంలో నేరాలకి తమవాళ్లని పోగొట్టుకున్న కొందరు లోకాన్ని వదిలేసి ఆ ఊరు కట్టుకున్నారు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. అసలు కథ ఆ పెద్దవాళ్లది కదా! కడుపుకోతతో అబద్ధాల మీద ఒక ఊరు కట్టి, పిల్లల్ని భయపెట్టి పెంచిన మనుషులు. ఇంతకన్నా బలమైన కథ ఏముంటుంది? దాన్ని ట్విస్ట్ కోసం చివరిదాకా దాచడంతో వాళ్ల మీద జాలిపడే టైమే మనకి మిగలలేదు. పైగా చివర్లో కాపలావాళ్ల గదిలో దర్శకుడే కూర్చుని, ఆ ఊరి మీద విమానాలు ఎందుకు ఎగరవో కూడా మాటల్లో చెప్పేస్తాడు. మలుపు బాగా కుదిరితే ఇంత వివరణ అక్కర్లేదు.

ముందే చెప్పేస్తే మజా పోతుందనే మాట మనవాళ్లు నమ్మకూడదు. 1957లో ఇక్కడే మద్రాసులో తీసిన 'మాయాబజార్'లో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకి ముందే తెలుసు, పెళ్లివారికే తెలియదు. సరదా అంతా అక్కడే ఉంది. హిచ్‌కాక్ కూడా 'వెర్టిగో'లో రహస్యాన్ని చివరిదాకా లాగకుండా ముందే ప్రేక్షకుడి చేతిలో పెట్టేశాడు.

అలాగని శ్యామలన్ పడిపోవడానికి ట్విస్టులే కారణం అనడమూ తప్పే. 2010లో 'ది లాస్ట్ ఎయిర్‌బెండర్', 2013లో 'ఆఫ్టర్ ఎర్త్' ట్విస్టుల వల్ల చెడలేదు, అవి అతని కొలత దాటిన సినిమాలు. అతనికి కలిసొచ్చేది ఒక ఇల్లు, ఒక కుటుంబం, ఒక భయం. 2015లో సుమారు 50 లక్షల డాలర్లతో, అదీ ఇల్లు తాకట్టు పెట్టి సొంత డబ్బుతో 'ది విజిట్' తీసి నిలదొక్కుకున్నాడు. అందులోనూ మలుపు ఉంది, కాకపోతే ముగింపు కన్నా కొంచెం ముందే వస్తుంది, అమ్మమ్మ తాతయ్యల ఇంటికని వచ్చి నిజం తెలుసుకున్న పిల్లలు అదే ఇంట్లో ఆ రాత్రి గడపాలి. టెన్షన్ అంటే అది. 2024 నాటి 'ట్రాప్'లో హంతకుడెవరో మొదట్లోనే చెప్పేశాడు, కచేరీ జరిగినంతసేపూ బాగుంది, హాలు దాటాక పట్టు తప్పింది.

ఇంకో మాట. అతను పుట్టింది మాహేలో, అంటే మన యానాంలాగే పుదుచ్చేరి కిందికొచ్చే ఊరు. 1992 నాటి మొదటి సినిమా 'ప్రేయింగ్ విత్ యాంగర్' తీసింది మద్రాసులోనే, హీరో కూడా తనే. ఇక్కడివాళ్లే ఎవరూ ఆ సినిమా ఊసెత్తకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

కాబట్టి ఆ రెండిటిలో అయితే, తెలిసినా సరే 'సిక్స్త్ సెన్స్'. పెట్టాను. సగం దాకా ఫోన్ చూస్తూ ఉన్న మావాడు కారు సీనుకి దాన్ని పక్కన పడేశాడు.

వచ్చే ఆదివారం 'ది విజిట్', ఆ తర్వాత 'అన్‌బ్రేకబుల్', దాని వెనకే 'స్ప్లిట్'. ఈ చివరి రెండూ తారుమారు చేయొద్దు, 'స్ప్లిట్' ఆఖరి నిమిషంలో కనిపించే మనిషి ఎవరో తెలియకపోతే ఆ సీను వృథా అవుతుంది. 'ది విలేజ్' కూడా చూడండి, కానీ ముగింపు తెలుసుకుని, మొదటి నుంచీ ఆ పెద్దవాళ్ల ముఖాలే గమనిస్తూ చూడండి.