ఒంగోలు వెళ్తే వెల్లంపల్లి దాకా వెళ్లండి

బాప్టిస్టు (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) చరిత్ర చూద్దామని ఒంగోలు వచ్చేవాళ్లు ఎక్కువగా ప్రేయర్ మీటింగ్ హిల్ ఎక్కి, జ్యువెట్ మెమోరియల్ చర్చి చూసి తిరిగి వెళ్లిపోతారు. ఒక్క పూటే టైమ్ ఉంటే, నా మాట విని ముందు గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఉన్న వెల్లంపల్లి వెళ్లండి.

కొండకు విలువ లేదని కాదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ మిషనరీ లైమన్ జ్యువెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో అక్కడ ప్రార్థించారు. 1867 జనవరి 1న, మరో అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ కాలంలో, ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. కానీ ఆ సంఘాన్ని పల్లెపల్లెకూ మోసింది తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు. దొరల పేర్లు మందిరాల మీద ఉన్నాయి. పేరయ్య పేరు అంత పెద్దగా ఎక్కడా కనిపించకపోవడం నాకు బాధనిపించింది.

వెల్లంపల్లి ఒంగోలుకు ఉత్తరాన సుమారు 15 కిలోమీటర్లు, హైవే పక్కనే. షేర్ ఆటోలో సులువుగా వెళ్లాం. గుండ్లకమ్మలో ఇక్కడే 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో దిగారు. అంతకుముందు 1876-78 కరువు. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూడు కోసం మతం మారారనే మాట రాకూడదని, ఆ పని సాగినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఈ సంగతి తెలుసుకుని ఏటి ఒడ్డున నిలబడితే ఆ 2,222 వట్టి అంకెలా అనిపించదు.

మేం వెళ్లింది ఆదివారం. అక్కడి చర్చిలో ఆరాధనకు ఆలస్యంగా చేరినా, ఒక పెద్దావిడ "రండమ్మా, లోపలికి రండి" అని చాప మీద చోటిచ్చింది. డోలక్, తాళాలతో పాటలు. పట్నం చర్చిల్లో చెవులు అదిరే సౌండ్ సిస్టమ్‌ కంటే నాకు ఇదే నచ్చింది. ఆరాధన అయ్యాక పెద్దలను అడగండి, ఓపిగ్గా చెబుతారు.

బస ఒంగోల్లోనే పెట్టుకోండి. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ వేడినీళ్ల కోసం రెండుసార్లు అడగాల్సొచ్చింది. ఏటి దగ్గర నీడ తక్కువ, అందుకే పొద్దున్నే బయల్దేరండి. నీళ్లు చూడాలంటే వానాకాలం తర్వాత వెళ్లడం మంచిది. తిరుగు బండికి రోడ్డు మీద కాసేపు ఎదురుచూడాల్సి వస్తుంది, తాగునీళ్లు వెంట ఉంచుకోండి.