ఎన్‌కౌంటరా, న్యాయస్థానమా: ఏది మేలు?

విశాఖపట్నంలో గానీ, మరోచోట గానీ ఆడపిల్లపై ఘోరం జరిగిన ప్రతిసారీ పాఠకులు అడుగుతున్న ప్రశ్న ఒకటే: నిందితుణ్ణి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిప్పడం మేలా, పట్టుకున్నచోటే కాల్చివేయడం మేలా? ఆ ప్రశ్న వెనుక ఉన్న బాధ నిజమైనది కనుక సూటిగా సమాధానం చెప్పడం అవసరం.

నిజమైన ఎదురుకాల్పులను ఈ పోలికలోకి తీసుకురాకూడదు. 2008 జూన్‌లో ఒడిశాలోని బలిమెల జలాశయంలో లాంచీపై మావోయిస్టులు జరిపిన దాడిలో 30 మందికి పైగా పోలీసు సిబ్బంది, వారిలో అత్యధికులు మావోయిస్టులను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళమైన గ్రేహౌండ్స్ జవాన్లు, ప్రాణాలు కోల్పోయారు. అటువంటి దాడికి గురైన మనిషి తిరిగి కాల్చడాన్ని ఏ చట్టమూ తప్పుపట్టదు. ఆత్మరక్షణ హక్కు పౌరులందరితో పాటు పోలీసుకూ ఉంది. మన చర్చ అప్పటికే పోలీసుల అదుపులో ఉన్న మనిషి గురించి.

ఎన్‌కౌంటర్‌ను సమర్థించేవారు చూపేది వేగం. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి వద్ద దిశ కేసు (పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య) నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో మరణించినప్పుడు జనం పోలీసులపై పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం, నిందితులు ఆయుధాలు లాక్కుని కాల్చారన్న పోలీసుల కథనం నమ్మదగినది కాదని, చనిపోయినవారిలో ముగ్గురు నేరం జరిగిన నాటికి మైనర్లని తేల్చి, 10 మంది పోలీసులను హత్యానేరంపై విచారించాలని సిఫార్సు చేసింది. ఆ నివేదిక 2022లో వెలుగులోకి వచ్చేనాటికి సరిదిద్దుకోవడానికి ఏమీ మిగలలేదు.

కోర్టుల జాప్యం గురించిన ఫిర్యాదు అబద్ధం కాదు. 2007లో గ్రేహౌండ్స్ సిబ్బంది తమపై అత్యాచారం చేశారని విశాఖ మన్యంలోని వాకపల్లి ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేస్తే, విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానం తీర్పు 2023లో వచ్చింది. నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపుతూ, ఆ మహిళలకు పరిహారం చెల్లించాలని కోర్టు ఆదేశించింది. నా దృష్టిలో నిర్ణాయకమైన విషయం ఇక్కడే ఉంది. కేసు కోర్టులో వీగిపోవడానికి చాలాసార్లు కారణం బలహీనమైన దర్యాప్తు. న్యాయమూర్తి ముందు నిలబెట్టలేని ఆ దర్యాప్తునే ఆధారం చేసుకుని, న్యాయవాది లేకుండా, అప్పీలు లేకుండా ఒక మనిషి ప్రాణం తీయడం ఎలా సమంజసమవుతుంది? కోర్టులోనైతే పొరపాటు పట్టుబడే అవకాశం కనీసం ఉంటుంది. ఎన్‌కౌంటర్‌లో, అసలు నేరస్థుడు వేరొకడైతే, అతణ్ణి వెతికేవారు కూడా ఉండరు. అందుచేత ఎంత ఆలస్యమైనా నేను న్యాయస్థానం వైపే ఉంటాను.

కాళ్లపై కాల్చి వదిలేయాలనే మధ్యేమార్గాన్ని కొందరు సూచిస్తున్నారు. చేతికి చిక్కిన మనిషిపై పేల్చిన తూటా ఎక్కడ తగిలినా అది శిక్షే, శిక్ష విధించే అధికారం పోలీసులకు లేదు.

ఇక ఏ ఎన్‌కౌంటర్ వార్త విన్నా, 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలను ముందుంచుకుని ప్రశ్నలు అడగాలి. ఎఫ్‌ఐఆర్ నమోదైందా? దర్యాప్తు సీఐడీకి గానీ, మరో స్టేషన్ బృందానికి గానీ అప్పగించారా? మెజిస్టీరియల్ విచారణ జరిగిందా? ఆ కాల్పుల్లో పాల్గొన్నవారికి, అనుమానాలు తొలగకముందే పతకాలో పదోన్నతులో ప్రకటించారా?