బోడ్రుమ్‌లో గది మోసం, మ్యూజియం వైభవం

టర్కీ నైరుతి తీరంలోని బోడ్రుమ్‌కు వెళ్లదలచిన తెలుగువారికి ముందుగా ఒక మాట చెప్పాలి. అక్కడి కోటలో ఉన్న మ్యూజియం కోసం ఎంత దూరమైనా వెళ్లవచ్చు. కోటకు తూర్పున ఒడ్డు వెంబడి సాగే బార్ల వీధిలో మాత్రం, ఎంత చౌకగా ఇస్తామన్నా గది తీసుకోవద్దు.

సముద్రం కనబడే గది, ప్రశాంతమైన పరిసరాలు, ముగ్గురికి పడకలు, రాత్రికి 85 యూరోలు అన్న ప్రకటన చూసి నేనూ, మావారూ, అత్తయ్యగారూ ఆ వీధిలోనే దిగాము. గదిలో రెండే పడకలున్నాయి. మూడో పడక కావాలంటే రాత్రికి మరో 25 యూరోలు కట్టాలన్నారు. ముగ్గురికీ కలిపే ఆ ధర అని వారు పంపిన ధ్రువీకరణను ఫోనులో చూపిస్తే, కౌంటరులోని యువకుడు దానిని చదవనైనా చదవకుండా అది పాత ధర అని తేల్చేశాడు. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ ఎదురైంది. భుజాలదాకా బయటికి వంగితే తప్ప సముద్రపు నీలం కంటబడలేదు.

అంతవరకూ ఎలాగో సర్దుకున్నాము గానీ, రాత్రి పది దాటాక కింద మొదలైన సంగీతం దాదాపు నాలుగింటిదాకా ఆగలేదు. అలమారు మీద పెట్టిన గాజు గ్లాసులో నీళ్లు ప్రతి దరువుకూ వలయాలు వలయాలుగా కదులుతూనే ఉన్నాయి. ప్రయాణమంతటా ఒక్క ఫిర్యాదైనా చేయని అత్తయ్యగారు జపమాల చేతబట్టి తెల్లవారేదాకా మంచం మీదే కూర్చున్నారు. ఆవిడను అలా చూశాక మావారు ఉదయాన్నే కిందికి వెళ్లి, సాధారణంగా ఎవరితోనూ ఎత్తని గొంతు ఎత్తవలసి వచ్చింది. మిగిలిన రాత్రులకు ముందే కట్టిన సొమ్ములో, గంటసేపు వాదించాక, సగమే తిరిగి ఇచ్చారు. అబద్ధపు ప్రకటనతో జనాన్ని రప్పించి, పెద్దవారికి నిద్ర లేకుండా చేసి, పైగా డబ్బు పట్టుకోవడం నా దృష్టిలో పచ్చి మోసం.

ఊరికి పడమటి వైపున, విహార పడవలు ఆగే మెరీనా వెనుక సందులలో దొరికిన పాన్సియోన్ అనే చిన్న బసలో ముగ్గురికీ కలిపి ఫలహారంతో సహా 70 యూరోలే తీసుకున్నారు. నారింజ జాతి చెట్టు నీడన బల్ల వేసి, ఆలివ్‌లు, తెల్ల చీజ్, టమాటా, తేనె, రొట్టె, అడిగినన్ని సార్లు టీ ఇచ్చేవారు. అక్కడి నుంచి కోటకు నడిచి వెళ్లవచ్చు.

ఆ కోటను 15వ శతాబ్ది ఆరంభంలో రోడ్స్ ద్వీపం కేంద్రంగా ఉన్న క్రైస్తవ యోధులు కట్టడం మొదలుపెట్టారు. అందుకు వారు వాడిన రాళ్లలో ఎన్నో ప్రాచీన ప్రపంచపు ఏడు వింతలలో ఒకటైన మౌసోలస్ సమాధివి. హాలికర్నాసస్ అనే పేరుతో ఈ ఊరు ఉన్న రోజుల్లో, క్రీ.పూ. 353లో మరణించిన ఆ పాలకుడి కోసం లేచిన కట్టడం భూకంపాలకు కూలిపోయింది. మిగిలిన శిల్పాలలో ముఖ్యమైనవి 19వ శతాబ్దంలో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. అందువల్ల సమాధి స్థలంలో నేడు పునాది గొయ్యి, విరిగిన స్తంభాల ముక్కలు తప్ప పెద్దగా ఏమీ మిగలలేదు. దానికి అరగంట చాలు. ఆ తరువాత కోటకు వెళ్లి గోడలలో పొదిగిన రాళ్లను పరీక్షగా చూస్తే, పోయిందనుకున్న వింతలో కొంత అక్కడ కనబడుతుంది.

నన్ను కదలనివ్వనిది మాత్రం కోటలోని నీటి అడుగు పురావస్తు మ్యూజియంలో, మునిగిపోయిన ఉలుబురున్ ఓడకు కేటాయించిన గది. కాష్ పట్టణం దగ్గర సముద్రంలో 1982లో స్పాంజీలు ఏరే ఒక గజ ఈతగాడు చూసిన ఈ ఓడ క్రీ.పూ. 14వ శతాబ్ది చివరిది. 1984 నుంచి 1994 వరకు 22 వేలకు పైగా మునకలు వేసి సరుకును పైకి తెచ్చారు. ఎండబెట్టిన పశువు తోలులా నాలుగు మూలలూ సాగి ఉన్న రాగి దిమ్మలు దాదాపు పది టన్నులు, తగరం ఒక టన్ను దొరికాయి. కంచు పోతపోయడానికి కావలసిన పాళ్లు కూడా పదికి ఒకటే. దిమ్మల మీద పచ్చటి చిలుము, పురుగు తొలిచినట్టున్న గుంటలు దగ్గరగా కనిపిస్తాయి. ఈజిప్టు రాణి నెఫర్టిటి పేరు చెక్కిన చిన్న బంగారు ముద్రికతో పాటు ముదురు నీలి గాజు దిమ్మలు కూడా ఆ ఓడలోనివే. ఇంట్లో కంచు చెంబు, కంచు గంట వాడే అత్తయ్యగారు మోకాళ్ల నొప్పి మరచి ఆ గదిని రెండుసార్లు చుట్టి వచ్చారు. విదేశీయులకు టికెట్ ధర యూరోల్లో ఉంటుంది, తక్కువేమీ కాదు. అయినా ఇచ్చిన ప్రతి పైసాకూ విలువ దక్కింది. మెట్లు, వాలు దారులు ఎక్కువ గనుక పెద్దవారితో వెళ్లేవారు ఎండ ముదరకముందే లోపలికి వెళ్లాలి.

భోజనానికి ఓడరేవు ఎదుటి హోటళ్లను వదిలి, బజారు సందులలో పనివాళ్లు తినే లొకాంటాలనే చిన్న భోజనశాలలకు వెళ్లండి. వండినవన్నీ అద్దం వెనుక పళ్లాలలో ఉంటాయి. వేలు పెట్టి చూపిస్తే చాలు. ఆలివ్ నూనెలో మగ్గిన బీన్స్, వంకాయ కూర, అన్నం, గడ్డ పెరుగు, ఉప్పు మజ్జిగతో ముగ్గురికీ 780 లీరాలయింది. అన్నాన్ని కొన్ని చోట్ల కోడి రసంలో వండుతారు కాబట్టి శాకాహారులు అడిగి తెలుసుకోవాలి. ఒడ్డున చేపలు తినదలచినవారు ముందే తూకం వేయించి, మొత్తం ధరను కాగితం మీద రాయించుకున్నాకే వండమనాలి.

ఎదురుగా కనబడే గ్రీకు ద్వీపం కోస్‌కు పడవలున్నాయి గానీ, భారత పాస్‌పోర్టు ఉన్నవారు షెంజెన్ వీసా లేకుండా వెళ్లలేరు. తిరిగి బోడ్రుమ్‌కే రావాలంటే టర్కీ వీసా రెండోసారి ప్రవేశానికి పనికొస్తుందో లేదో కూడా పడవ టికెట్ కొనకముందే చూసుకోవాలి.